మా అత్త, నేను, ఒక జోడీ

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దన్నే, గూడూరులో, కూతురింట్లో. లేచి మొగం కడుక్కోని, కాఫీ తాగి, గోడకు ఆనుకోని కూచునింది. గ్లాసు తీసుకుపోదామని వచ్చిన మా వదిన "అమ్మా" అని పిలిస్తే పలకలేదంట. అంతే. ఒక్క పూట కూడా ఎవురిచేతా చాకిరీ చేయించుకోలేదు.

ఆ ఫోను వచ్చేటప్పటికి నేను తిరుపతిలో మా ఇంటి వాకిట్లో చాప చుట్టుకోని, యోగా క్లాసుకు పోయేదానికి నిలబడి ఉన్నాను. మా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకోని నా మొగం చూసినాడు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. చెప్తే బాగుండదు గానీ, నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. పది దినాల్లో వచ్చేస్తానని చెప్పిపోయిన మనిషి ఆరో దినానికి ఇట్ల చేస్తే కోపం రాదా? ఆ కోపం వెనకాలే భయం పట్టుకునింది. రెండున్నరేండ్ల కింద ఆమెను గూడూరికి పంపించెయ్యాలని పట్టుబట్టింది నేనే. ఆ మాట ఆమె చెవినపడింది. "తప్పయిపోయింది అత్తా" అని నేను ఏ పొద్దూ చెప్పలేదు. కడాకు చూస్తే గూడూరులోనే పోయింది. ఆ మాట మనసులో పెట్టుకోనే పోయిందేమో అన్న భయంతో ఆ పొద్దు బండెక్కినాను.

మా అత్త ఎట్లాంటిదో ముందు చెప్తాను. ఆమెది చిత్తూరు పక్కన పల్లె. ఇరవై ఏండ్లు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసిన మనిషి. సీజనొస్తే పొద్దన్నే ఆటో ఎక్కి పోవడం, బల్ల ముందర నిలబడి చీకటి పడేదాకా తోతాపురి కాయలు కొయ్యడం. ఆ నిలబడుడుకే మోకాళ్ళు అరిగిపోయినాయి. మా మామ పోయినాక ఒక్కతే ఉంటే మా ఆయన తిరుపతికి తెచ్చి మాతో పెట్టుకున్నాడు. ఆయన యాత్రికుల టెంపో తోలతాడు, పొద్దన కాణిపాకం, మాపటేల కాళహస్తి, ఇంట్లో ఉండేది తక్కువ. నేను ముందు గదిలో మిషను పెట్టుకోని జాకెట్లు కుడతాను. అంటే పొద్దంతా ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

ఇద్దరికీ పడలేదు. ఎందుకు పడలేదంటే పెద్ద కథేం లేదు. నేను కడిగిన గిన్నెలు ఆమె మళ్ళా కడిగేది. నేను ఊడ్చిన తావులో మళ్ళా చీపురేసేది. ఒక్క మాట అనేది కాదు. అంటే నేనూ రెండనేదాన్ని, తీరిపోయేది. అన్నిటికంటే నన్ను కాల్చింది ఇంకొకటి ఉండాది. నేను చేతికేదన్నా ఇస్తే తీసుకునేది కాదు. కాఫీ గ్లాసు చాపితే "ఆడ పెట్టుమే" అనేది. మాత్రలు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకోని, "కింద పెట్టు, నేను తీసుకుంటా" అనేది. ఉప్పూ మిరపకాయలూ చేతికివ్వకూడదని అందరికీ తెలుసు. కాఫీక్కూడానా? నా చెయ్యేం అంటు చెయ్యా? అయిదేండ్లు ఇదే నన్ను లోపల్లోపల తినేసింది.

ఒక కార్తీకమాసంలో నా ఓపిక తెగింది. తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, ఊరంతా కొత్త చీరలు, నా మిషను ముందర జాకెట్ల కుప్ప. అప్పుడే కుట్టి, మడిచి పెట్టిన జాకెట్లు ఆమె మళ్ళా విప్పి మళ్ళా మడస్తా ఉంటే చూసినాను. ఆ మద్దినేళ మా ఆయన అన్నానికొస్తే ఎదురుగా నిలబడి చెప్పేసినాను. "ఆమె గూడూరికన్నా పోవాల, నేను మా పుట్టింటికన్నా పోవాల. ఇద్దర్లో ఎవురు కావాల్నో తేల్చుకో" అని. మా ఆయన దేన్నయినా పండగదాకా తోసే రకం. "ఉగాది పోనీమే, చూద్దాం" అన్నాడు. ఆమె పక్కింట్లో ఉండాదని నేననుకున్నాను. వసారాలో చెనిక్కాయలు ఒలుచుకుంటా కూచోనుండిందని తర్వాత తెలిసింది.

ఆ వారమే ఒక పొద్దు పాలపాకిట్లతో పాటు మా గేటుకు ఒక కరపత్రం తగిలించి పోయినారు. వీధి చివర కళ్యాణ మండపంలో జోడీ యోగా నేర్పిస్తారంట. ఇంట్లోవాళ్ళ మధ్య బంధం గట్టిపడాలంటే ఇద్దరిద్దరుగా చెయ్యాలంట. ఒంటరిగా వస్తే చేర్చుకోరంట. నేను చదివి, చుట్టి, మిషను కింద పారేసినాను. మా అత్త దాన్ని తీసి, ఎవురిచేతనో చదివించుకోని, మరుసటి దినం నా ముందర నిలబడింది.

"మ్మే, నాతో వస్తావా?" అనింది.

అయిదేండ్లలో ఆమె నన్ను అడిగిన మొదటి సహాయం అది. "యాడికత్తా?" అన్నాను. "ఆ మండపానికి. మోకాళ్ళకు మంచిదంట. జోడీ కావాలంట. నాకెవురుండారు చెప్పు, మీ మామ ఉంటే ఆయన్ని పిలుసుకోనిపోయేదాన్ని. ఆయనుంటే వచ్చేవాడు కాదులే, అది వేరే సంగతి" అనింది. పోనని చెప్పే దారి లేకపోయింది. ఉగాది దాకానే గదా అని మనసులో అనుకోని ఒప్పుకున్నాను. అంత మంచి కోడల్ని నేను.

కళ్యాణ మండపంలో యోగా అంటే ఎట్లుంటాదో మీరు ఊహించుకోండి. ముందు దినం పెండ్లి జరిగుంటాది. స్టేజీ మీద బంతిపూలు వాడిపోయి వేలాడతా ఉంటాయి. వంటింట్లోనుంచి సాంబారు వాసన ఇంకా పోయుండదు. ఆ మజ్జలో చాపలు పరుచుకోని పది జోడీలు. అందులో ఎనిమిది మొగుడూ పెండ్లాలు. అందరి ముందర పెండ్లాం చెయ్యి పట్టుకోవాలంటే మొగోళ్ళకు ఎక్కడలేని సిగ్గు. ఎదురింటాయన పిల్లోని మాదిరి మెలికలు తిరిగినాడు. ఒక అంగడాయన కొడుకుతో వచ్చినాడు. ఇంక అత్తా కోడలి జోడీ మేమొక్కరమే. టీచరమ్మ డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి, గొంతు ఇంకా బడిలోనే ఉండినట్లుంటాది. మమ్మల్ని చూసి కండ్లు పెద్దవి చేసి, "ఇదీ అసలైన జోడీ" అనింది.

మొదటి దినమే పేరు పెట్టి ఒక్కొక్కర్నీ అడిగింది, ఎందుకొచ్చినారని. బీపీ అని ఒకరు, కొట్లాడుకోకుండా ఉండేదానికి అని ఒకరు. మా అత్త "మెట్లెక్కేదానికి" అనింది. తిరుపతిలో మెట్లంటే ఎవురైనా ఏమనుకుంటారు? అందరూ చేతులు జోడించినారు. అలిపిరి మెట్లెక్కాలని ముసలామెకు మొక్కుండాదని నేనూ అనుకున్నాను. జాకెట్లకు వచ్చినోళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా అత్త అవునన్లేదు, కాదన్లేదు.

ఇంక ఆసనాల కథ చెప్తాను, మీకు నవ్వొస్తాది, నవ్వండి. ఎదురెదురుగా కూచోని, కాళ్ళు చాపి, ఒకరి అరికాళ్ళు ఇంకొకరి అరికాళ్ళకు ఆనించాల. చేతులు పట్టుకోని ఒకరు ముందుకు వంగితే ఇంకొకరు వెనక్కి పోవాల. సరే, ఆనించినాను. అత్తకు కాలు తగిలింది. మనకు పుట్టినకాడినుంచి అలవాటు గదా, గబుక్కున వంగి ఆమె కాలు తాకి కండ్లకద్దుకున్నాను. మళ్ళా ఆనించినాను, మళ్ళా తగిలింది, మళ్ళా అద్దుకున్నాను. తగలకుండా ఆ ఆసనం ఎట్ల వేస్తారో నాకు అర్థం కాలేదు. అట్ల నాలుగుసార్లు అయినాక టీచరమ్మ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకోని, "మీరు ఆసనం వేస్తా ఉండారా, దండాలు పెట్టుకుంటా ఉండారా?" అనింది. మండపమంతా నవ్వులు. నాకు మండింది. "పెద్దామెను కాలితో తంతా కూచోమంటారా?" అన్నాను.

అప్పుడు మా అత్త పంచాయితీ చెప్పింది. "మ్మే, ఒక పని సెయ్యి. ఈ పొద్దుకంతా సరిపొయ్యేట్టు ఒకే దండం ముందే పెట్టేయి. నేనూ ఒకే దీవెన ఇచ్చేస్తా. తర్వాత ఎన్నిసార్లు తగిలినా ఆ దండంలోదే." ఆ దినంనుంచి పొద్దన్నే చాప పరిచినాక నేను ఆమె కాళ్ళు తాకేదాన్ని, ఆమె నా నెత్తిన చెయ్యి పెట్టి "సల్లగుండు, ఇంక తన్నుకో" అనేది. క్లాసులో అందరికీ అది నోటిమాట అయిపోయింది. మొగుడూ పెండ్లాలు కూడా ఒకరికొకరు "ఇంక తన్నుకో" అనుకునేవాళ్ళు.

కాళ్ళ సంగతి అట్ల తీరింది గానీ చేతుల సంగతి వేరే. చేతులు పట్టుకోవాలంటే ఆమె తన చెయ్యి నా చేతికి ఇయ్యాల గదా. మొదటి వారం వేలికొసలే ఇచ్చింది. టీచరమ్మ "గట్టిగా పట్టుకోండమ్మా" అని అరిస్తే అప్పుడు అరచెయ్యి ఇచ్చింది. నేను దాన్ని పట్టుకోని చూస్తే అదిరిపోయినాను. బొటనవేలి కిందినుంచి అడ్డంగా తెల్లటి గీతలు. నాలుగో వేలి కొస లేదు. అయిదేండ్లు ఒక ఇంట్లో ఉండి ఆ చెయ్యిని నేను చూడలేదు.

"ఇదేందత్తా?" అన్నాను.

"కత్తులుమే," అనింది. "ఫ్యాక్టరీలో బల్లకు ఈపక్క పదిమంది, ఆపక్క పదిమంది. చేతులంతా మామిడి రసం, జారతా ఉంటాది. ఒకామె నాకు కత్తి చేతికిచ్చింది, నేను పట్టుకునే లోపల ఆమె ఇడిసేసింది. ఆ దినంనుంచి మా బల్ల మీద ఏదీ చేతికిచ్చేది లేదు. కింద పెట్టాల, అవతలామె తీసుకోవాల. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు నేనే నేర్పించేదాన్ని. అదే అలవాటైపోయింది."

మీకెట్లుంటాదో గానీ నాకు ఆ మాట వినినాక ఆ పూట ఆసనం కుదరలేదు. అయిదేండ్లు నన్ను తినేసింది ఒక కత్తి. ఆమె ఒక్కసారి చెప్పుంటే అయిపోయేది. నేను ఒక్కసారి అడిగుంటే అయిపోయేది. ఇద్దరం నోళ్ళు ఉండి కూడా ఏం చేసినామో చూడండి. అయినా నా మొండితనం తక్కువది కాదు. గిన్నెల సంగతి ఇంకా ఉండాది గదా అని మనసుకు చెప్పుకున్నాను. గూడూరు మాట వెనక్కి తీసుకోలేదు.

టీచరమ్మ ఊపిరి ఆసనం అని ఒకటి చేయించేది. వీపుకు వీపు ఆనించి కూచోని, కండ్లు మూసుకోని, పక్కమనిషి ఊపిరి వినాలంట. "ఏమీ మాట్లాడకండి, వినండి" అనేది. మా అత్త కండ్లు మూసుకోనే, "వినాలంటే నోరు మూసుకోవాల గదా టీచరమ్మా, అదొక్కటీ మా కోడలికి సేతగాదు" అనింది. నేను వెనక్కి ఒక్క తోపు తోసినాను. ఆమె నవ్వితే వీపు మొత్తం కదిలింది. మొగం చూడకుండా మనిషి నవ్వేది తెలిసేది నాకు అదే మొదలు.

అన్నిటికంటే కష్టమైంది లేచే ఆసనం. వీపుకు వీపు పెట్టి, మోచేతులు పెనవేసుకోని, ఒకరినొకరు వెనక్కి తోసుకుంటా ఇద్దరూ ఒకేసారి పైకి లేయాల. ఒకరు బరువు దాచుకుంటే ఇద్దరూ కింద పడతారు. మా అత్త మోకాళ్ళకోసరం టీచరమ్మ స్టేజీ మీదనుంచి రెండు పెండ్లి పీటలు తెచ్చి వేసింది, కొంచెం ఎత్తుగా ఉంటాదని. పెండ్లి పీటల మీద అత్తా కోడలు. మిగతా జోడీలన్నీ ఒకటొకటిగా లేచేసినాయి. సిగ్గుతో మెలికలు తిరిగిన ఎదురింటాయన కూడా లేచేసినాడు. మేము మాత్రం రెండు నెల్లు ప్రయత్నం చేసినాము, లేయలేదు. ఆమె వీపు నా వీపుకు తగిలీ తగలకుండా ఉండేది. "నా మీద ఆనుకో అత్తా" అంటే "ఆనుకునే ఉండాను" అనేది. అబద్ధం. టీచరమ్మకు తెలుసు, నాకూ తెలుసు.

ఫాల్గుణం వచ్చింది. ఉగాది ఇంకో పదైదు దినాలు. ఆమె మోకాళ్ళు శానా బాగైనాయి. కింద కూచోని లేస్తా ఉండాది, మా మిద్ది మీదికి గోడ పట్టుకోకుండా ఎక్కుతా ఉండాది. ఒక పొద్దు పీటల మీద వీపుకు వీపు కూచోనుండి, మాటల్లో నేనే అడిగినాను. "అత్తా, మోకాళ్ళు ఒక దావకొచ్చినాయి గదా, మొక్కు ఎప్పుడు తీర్చుకుందాం? కొండకెప్పుడు పోదాం?"

"కొండ మెట్లెవురికి కావాలమ్మే," అనింది. "నేను సెప్పింది గూడూరు మెట్లు."

"గూడూరులో ఏం మెట్లు?"

"మీ వదినోళ్ళ మిద్ది మెట్లు. మూడో అంతస్తు గదా, లిఫ్టు లేదు. యాభైనాలుగు ఉండాయంట, ఫోను సేసి అడిగినాను. ఉగాది లోపల అన్ని మెట్లు ఎక్కేది సేతనైతే ఆడికి పోయి ఉంటా. అల్లునిచేత ఎత్తించుకోని పోతే ఏం బాగుంటాది? పోతే నా కాళ్ళతోనే పోవాల."

రేపు సంతకు పోవాల అన్నట్లు చెప్పింది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఆ చలిలో, ఆ పొద్దన, నాలుగు నెల్లుగా ఈ మనిషి నన్ను వెంటబెట్టుకోని నేర్చుకునిందేంది? నా ఇంట్లోనుంచి ఎవురికీ కష్టం లేకుండా పోయేది నేర్చుకునింది. దానికి జోడీగా నన్నే పిలుచుకునింది. నేను పోయినాను, ఆమె కాళ్ళు తోసినాను, చేతులు లాగినాను, బాగైనాయి బాగైనాయి అని సంబరపడినాను.

సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే ఏడుపు రాదు, కోపమొస్తాది. అది నా జాతకం.

"యాడికీ పోయే పన్లేదు!" అని అరిచినాను. "ఎవురు పొమ్మన్నారు నిన్ను?"

"నువ్వే గదమ్మే."

"నేనంటే! నేను నూరంటాను. మిషను సూది విరిగినా అంటాను, కరెంటు పోయినా అంటాను. నేనన్న ప్రతి మాటకూ మెట్లెక్కుతావా నువ్వు? నోరుండాది గదా, తిరిగి ఒక మాట అనేదానికి నీకేం రోగం? అయిదేండ్లుగా గిన్నెలు తోముతావు గానీ ఒక్క మాట అనవు. గూడూరూ లేదు గీడూరూ లేదు. ఈడనే ఉండాల నువ్వు. గమ్మున నా మీద బరువేయి. మొత్తం వేయి. సచ్చిపోను నేను!"

తొమ్మిది జోడీలు మా పక్కే చూస్తా ఉండారు. నేను ముందుకే చూస్తా కూచున్నాను, వెనక్కి తిరిగేదానికి మొగం యాడుండాది? కాసేపయినాక నా వీపు మీద బరువు పడింది. ముందు భుజాలు, తర్వాత నడుము, తర్వాత తల కూడా వెనక్కి వాల్చి నా తలకు ఆనించింది. బక్కమనిషి అనుకుంటా ఉంటిని, అబ్బా ఏం బరువు! నేనూ వెనక్కి తోసినాను. ఇద్దరం ఒకేసారి లేచినాము. "ఓయమ్మా, లేచినామే!" అని అరిచింది మా అత్త. ఎదురింటాయన చప్పట్లు కొట్టినాడు. నేను చాప చుట్టుకోని ఎవురితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చి, మిషను మీద తలపెట్టి అప్పుడు ఏడ్చినాను.

తప్పయిందని మాత్రం చెప్పలేదు. చెప్పాలనుకుంటానే ఉండినాను. ఉగాది వచ్చింది. గూడూరు మాట ఎవురూ ఎత్తలేదు. మా అత్త పచ్చడి చేసి గిన్నెలో పోసి నా దగ్గరికి తెచ్చింది. నేను అలవాటుగా పక్కన తావు చూపించినాను. ఆమె కింద పెట్టలేదు, "పట్టుకో" అని నా చేతికిచ్చింది.

ఆ తర్వాత రెండేండ్లు మేము సుఖంగా కొట్లాడుకున్నాము. ఆమె గిన్నెలు మళ్ళా కడగడం మానలేదు, నేను గమ్మునుండడం నేర్చుకోలేదు. కాకపోతే ఇప్పుడు ఆమె కూడా తిరిగి అనేది. "నీ తోముడుకు గిన్నెలో సంగటి ఇంకా నవ్వతా ఉండాది సూడు" అనేది. మా ఆయన అన్నం ముందర కూచోని, "ఇంతకుముందే బాగుండింది, ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది" అనేవాడు. "నువ్వు గమ్మున తిను" అని ఇద్దరం ఒకేసారి అనేవాళ్ళం. క్లాసుకు కొత్తగా వచ్చిన జోడీలు కొట్లాడుకుంటా ఉంటే మా అత్త పోయి కూచోని చెప్పేది, "కాటాకు ఒక పక్కే వేస్తే నిలబడతాదా నాయనా, రెండుపక్కలా వేస్తేనే గదా నిలబడేది" అని. ఫ్యాక్టరీలో కాయలు కొయ్యడమే కాదు, తూచిన మనిషి కూడా గదా.

ఒకసారి కొండ మెట్లు కూడా ఎక్కినాము. "మోకాళ్ళు బాగైనాయి, గూడూరికి పోనీవు, ఇంక యాడన్నా వాడుకోవాల గదా" అనింది. పొద్దన్నే మొదలుపెడితే మద్దినేళకు చేరుకున్నాము. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసమొస్తే మెట్టు మీదనే వీపుకు వీపు పెట్టి కూచున్నాము. దావలో పోయేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకుంటా పోయినారు. "ఇంత దూరమొచ్చి దేవునికి వీపు సూపిస్తా ఉండావమ్మే" అని నన్ను అనింది. "నేను కాదత్తా, కొండపక్క వీపుండేది నీదే" అన్నాను. చూసుకోని, లెంపలేసుకోని, ఇద్దరం అటూ ఇటూ మారి కూచున్నాము. అప్పుడు నా వీపు కొండపక్కకొచ్చింది. ఆమెకు ఆ పొద్దంతా అదే నవ్వు.

పోయిన నెల మా వదిన కాలు బెణికి మంచమెక్కింది. పది దినాలు పోయి వండిపెట్టి వస్తానని మా అత్త బయల్దేరింది. నాకు ఇష్టం లేదు. "పది దినాలంటే పదే, పదకొండో దినం నేనే వచ్చి లాక్కోనొస్తా" అన్నాను. "నాకోసరం వస్తావా, జోడీ లేక వస్తావా?" అనింది. "జోడీ లేక" అన్నాను. ఆమె పోయినాక అయిదు దినాలు మా ఆయన్ని క్లాసుకు పిలుచుకోనిపోయినాను. వీపు ఆనించంగానే ఆయనకు చక్కిలిగిలి. ఆ సంగతి ఫోనులో చెప్తే మా అత్త దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆమె గొంతు నేను విన్నది అదే ఆఖరు.

గూడూరు చేరేటప్పటికి ఎండెక్కింది. యాభైనాలుగు మెట్లు నేను లెక్కపెట్టలేదు, లెక్క నాకు ముందే తెలుసు. నిలువు మెట్లు, పట్టుకునేదానికి కమ్మీ కూడా లేదు. ఇంతకుముందు పండగలకు పోయినప్పుడు అవి నా కంటికి పడనే లేదు. పైన మా అత్తను చాప మీద పడుకోబెట్టినారు. నిద్రపోతా ఉండినట్లే ఉండింది. మా ఆయన చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. నేను ఆమె నాలుగో వేలు పట్టుకోని కూచున్నాను.

మా వదినతో నాకు రెండున్నరేండ్లుగా సరైన మాటల్లేవు. "మెట్లెన్ని పాపా" అని తల్లి ఫోనులో అడిగినప్పుడే ఆమెకు సంగతంతా అర్థమైపోయింది. అప్పటినుంచి కనబడితే "బాగుండావా", "బాగుండాను", అంతే. నేనూ ఆమెను తప్పుపట్టను. నా తల్లిని ఎవురన్నా అట్ల చేసుంటే నేనైతే ఆ ఇంటి గడప తొక్కేదాన్ని కాదు. ఆ దినం మొగోళ్ళు బండి సంగతి చూసుకునేదానికి కిందికి పోయినాక, మా వదిన కుంటుకుంటా లేచి, "మిద్ది మీద అమ్మ చీర ఉండాది, తెద్దాం రా" అనింది. నేను వెనకాలే పోయినాను.

పైన ఎవురూ లేరు. కింద మండీ దగ్గర లారీకి నిమ్మకాయల బస్తాలు ఎత్తతా ఉండారు. ఇంక ఉండబట్టలేక అడిగేసినాను. "వదినా, నాకు నిజం చెప్పు. ఆ మాట మనసులో పెట్టుకోనే పోయిందా?"

మా వదిన మిద్ది గోడకు ఆనుకోని చెప్పింది.

"మొన్న నేనే అడిగితిని. అమ్మా, ఈడనే ఉండిపో, ఇంక పోవద్దు అంటిని. పోవాల, ఆడ నా కోడలు కాసుకోనుంటాది అనింది. నాకు కోపమొచ్చింది. ఒకప్పుడు నిన్ను పొమ్మనింది ఆమే గదా అంటిని. దానికి అమ్మ ఏమనిందో తెలుసా? 'పొమ్మన్నోళ్ళు నా బతుకులో శానామంది ఉండారు పాపా. ఉండమని అంత కోపంగా అరిసింది అదొక్కతే. నన్ను కన్నతల్లి కూడా అట్ల అరవలేదు' అనింది."

నేను మొగం తిప్పుకోని తీగ దగ్గరికి పోయినాను. మా వదిన కుంటుకుంటా వెనకాలే వచ్చింది.

తీగ మీద మా అత్త చీర ఉండింది. ముందు దినం మాపటేల తనే ఉతుక్కోని ఆరేసుకునిందంట, కాలు బాగలేని కూతురు ఎందుకు ఉతకాల అని. ఆకుపచ్చ నూలు చీర. మా వదిన ఒక కొస తీసుకునింది, నేనొక కొస తీసుకున్నాను. గాలికి చీర పొంగింది. రెండుసార్లు విదిలించి, మజ్జకు మడిచి, అంచులు సరిచేసుకున్నాము. ఒక్కో మడతకు ఆమె ఒక అడుగు కుంటుకుంటా ముందుకొచ్చింది, నేనొక అడుగు పోయినాను. కడా మడతకు నా చేతులు ఆమె చేతులకు తగిలినాయి. చీర ఆమెకిచ్చి నేను వదిలెయ్యాల. వదల్లేదు. ఆమె కూడా లాక్కోలేదు. కింద మా ఆయన బండి తెచ్చి హారన్ కొడతా ఉండాడు. మేమిద్దరం ఆ చీరను మజ్జలో పట్టుకోని ఎండలో అట్లనే నిలబడినాము.